దుబాయ్ వెళ్తున్నారా? ప్రార్థన చేశాక చేయాల్సిన పనులు

చర్చిలో లేచి నిలబడి "దేవుడు దారి తెరిచాడు, వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాను" అని సాక్ష్యం చెప్పే ముందు, చేతిలో ఉన్న ఆఫర్ లెటర్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి. బేసిక్ జీతం ఎంత, అలవెన్సులు ఎంత, గది వాళ్లే ఇస్తారా లేక మనమే చూసుకోవాలా, టికెట్ ఎవరిది? ఈ నాలుగూ అడగ్గానే చెప్పలేకపోతే సాక్ష్యం ఇంకో ఆదివారానికి వాయిదా వేసుకోండి, ఏమీ కొంప మునగదు.

నాది కోనసీమ. మా వైపు గల్ఫ్‌లో ఎవరో ఒకరు లేని వీధి దొరకడం కష్టం. ఇది రాస్తున్నది ఇరవైల్లో ఉండి, మొదటిసారి ఇల్లూ సంఘమూ వదిలి దుబాయ్ వెళ్లే మనవాళ్ల కోసం. కువైట్, ఖతార్ వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు పనికొస్తాయి గానీ అక్కడి చట్టాలు వేరు, అది గుర్తుపెట్టుకోండి.

పిలుపు వేరు, వీసా వేరు

అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయల్దేరాడని మన పెద్దలు ఇలాంటప్పుడు తప్పకుండా గుర్తుచేస్తారు. నిజమే, హెబ్రీ పత్రికలో ఆ మాట ఉంది. కానీ అదే ప్రయాణాన్ని ఆదికాండము 12లో చదవండి. శారయిని, లోతును, హారానులో సంపాదించుకున్నదంతా వెంటబెట్టుకుని బయల్దేరాడని ఉంటుంది. విశ్వాసంతో వెళ్లడమంటే వట్టి చేతులతో, చదవని కాగితాలతో వెళ్లడమని ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు.

ముందు ఏజెంటు సంగతి. మనవాళ్లలో పెద్ద బలహీనత ఏంటంటే, ఏజెంటు మన సంఘంలోని అన్నయ్యో, పాస్టర్ గారికి తెలిసినవాడో అయితే ఇక ఏమీ అడగం. అడిగితే బాగోదేమో అనుకుంటాం. అడగండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో ఆ పేరు ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. భారత చట్టం ప్రకారం ఏజెంటు తన సేవకు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అటువైపు యూఏఈ కార్మిక చట్టమేమో మనిషిని రప్పించుకునే ఖర్చు కంపెనీదే, కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు అంటోంది. లక్షలు అడుగుతున్నారంటే ఆ డబ్బు దేనికో కాగితం మీద రాసివ్వమనండి. రాయరు. అప్పుడు మీకే అర్థమవుతుంది.

"ముందు విజిట్ వీసా మీద వచ్చేయ్, తర్వాత మారుద్దాం" అనే మాట చాలామంది వింటారు. విజిట్ వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలకు తిరగడం వేరు, ఆ వీసా మీదే పనిలో చేరడం వేరు. రెండోది అక్కడ చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా, వెనక్కి పంపడం, పైగా చేసిన పనికి జీతం రాకపోయినా గట్టిగా అడగలేని పరిస్థితి. పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు చాలావరకు ఈసీఆర్ రకం కింద ఉంటుంది, అంటే పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే అనుమతి తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షల బీమా. డిగ్రీ చూపించాల్సిన ఉద్యోగమైతే ఆ సర్టిఫికెట్‌కు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ వరుసగా ముద్రలు వేయాలి. వారాలు పడుతుంది, చివరి వారంలో పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏం ఉండదు.

ఇక పేరు గురించి. మనలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మం నాడు పెట్టుకున్నది ఇంకో పేరు. ఎందుకో మనకు తెలుసు, ఇక్కడ విప్పి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో ఏది ఉంటే వీసా, టికెట్, బ్యాంకు అన్నీ దాని మీదే నడవాలి, ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. రేపు అక్కడి చర్చిలో పెళ్లి చేసుకోవాలంటే బాప్తిస్మ సర్టిఫికెట్ అడుగుతారు, దాని మీదేమో ఆ రెండో పేరు ఉంటుంది. అందుకని ఊళ్లో ఉండగానే పాస్టర్ గారి దగ్గర ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని సంతకం, ముద్రతో ఒక ఉత్తరం తీసుకోండి. ఇంకొకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉన్నవాళ్లకు 2022 నవంబరు నుంచి విజిట్, టూరిస్టు వీసాల మీద యూఏఈ ఇబ్బంది పెడుతోంది. అలాంటి పాస్‌పోర్టు ఉంటే ముందే ఇంటిపేరు చేర్పించుకోండి.

డబ్బు గురించి ఒక్క మాట, నచ్చకపోయినా వినండి. అమ్మ బంగారం తాకట్టు పెట్టొచ్చేమో, అది ఇంటి నిర్ణయం. నూటికి మూడు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు. ఆ అప్పు నెత్తిన ఉన్నవాడు అక్కడ ఎంత చెడ్డ కంపెనీనైనా వదల్లేడు.

సూట్‌కేసులో

ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి తీసుకెళ్లొచ్చు, గట్టిగా ప్యాక్ చేయించి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. గసగసాలు మాత్రం వద్దు. మనకు అవి కూరలో వేసుకునే దినుసు, అక్కడ నిషేధించిన మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. అమ్మ ప్రేమగా కొట్టిచ్చిన మసాలా పొడిలో కూడా ఉంటాయి కాబట్టి అడిగి చూడండి. మందుల విషయంలోనూ ఇంతే. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందులు లాంటివి డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే నేరమే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేశారు కదా అని బ్యాగులో వేసుకోకండి.

బైబిలు, పాటల పుస్తకం మీ సొంతానికి తీసుకెళ్లడంలో ఏ ఇబ్బందీ లేదు. కరపత్రాల కట్టలు మాత్రం పెట్టకండి, ఎందుకో కింద చెప్తాను.

సంఘం నుంచి ఒక పరిచయ ఉత్తరం కూడా అడిగి తీసుకోండి. ఈ రోజుల్లో ఎవరు చూస్తారని కుర్రాళ్లు నవ్వుతారు. రోమా పత్రిక 16వ అధ్యాయం మొదలయ్యేదే అలాంటి పరిచయంతో, కెంక్రేయ సంఘంలోని ఫీబేను చేర్చుకోమని పౌలు అడుగుతాడు. కొత్త సంఘంలో పెద్దల ముందు ఆ కాగితం పెడితే మీరెవరో చెప్పుకోవాల్సిన శ్రమ సగం తగ్గుతుంది.

బయల్దేరే ముందు ఊళ్లోనే ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించుకోండి. అక్కడ దిగాక రెసిడెన్స్ వీసా కోసం మెడికల్ ఉంటుంది, టీబీ, హెచ్ఐవీ చూస్తారు. ఏదైనా ఉందని అక్కడ తెలియడం కన్నా ఇక్కడ తెలియడం వెయ్యి రెట్లు నయం.

దిగిన మొదటి వారాలు

అపొస్తలుల కార్యములు 18లో పౌలు కొరింథుకు వస్తాడు. అప్పటికే అకుల, ప్రిస్కిల్ల అక్కడున్నారు, యూదులంతా రోమా విడిచిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇస్తే ఇటలీ నుంచి వచ్చి పడ్డవాళ్లు. ముగ్గురిదీ డేరాలు కుట్టే పనే, కాబట్టి పౌలు వాళ్ల ఇంట్లోనే ఉండి పని చేసుకుంటూ విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడు. ఉండటానికి చోటు, చేతికి పని, వారానికోసారి ఆరాధన. కొత్త ఊళ్లో మొదటి నెలకు ఇంతకంటే మంచి ప్లాను నాకు తెలియదు. మొదటి వారం నుంచే ఫెలోషిప్, యూత్ మీటింగ్, ఉపవాస ప్రార్థన అని పరుగెత్తి నిద్ర లేక డ్యూటీలో తిట్లు తినేవాళ్లున్నారు. అది భక్తి అని నేను అనుకోను.

మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), ఆ తర్వాత బ్యాంకు ఖాతా, దాదాపుగా ఇదీ వరుస. మెట్రోకి, బస్సుకి నోల్ కార్డు కొనుక్కోండి, మెట్రోలో ఏమీ తినకండి, వంద దిర్హాములు జరిమానా. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచమంటే, వీసా పని అయ్యాక తిరిగి అడిగి తీసుకోండి, దాన్ని దాచిపెట్టుకునే హక్కు కంపెనీకి లేదు. ఉద్యోగం పోతే కొంతకాలం సాయం వచ్చే బీమా ఒకటుంది, 2023 నుంచి తప్పనిసరి, బేసిక్ జీతం 16,000 దిర్హాముల లోపు ఉంటే నెలకు ఐదు దిర్హాములే. అందులో చేరకపోతే 400 దిర్హాములు జరిమానా. ఎవరూ చెప్పరు, మనమే కట్టుకోవాలి.

కంపెనీ గది ఇవ్వకపోతే బెడ్‌స్పేస్, అంటే పదిమంది ఉండే గదిలో ఒక మంచం వరకు అద్దెకు, చూసుకోవాలి. కరామా, సత్వా, దేరా వైపు ఎక్కువగా దొరుకుతాయి. హాలులో చెక్కలు అడ్డం పెట్టి చేసిన పార్టిషన్లు చౌకగా వస్తాయి గానీ, అనుమతి లేని పార్టిషన్ల మీద అధికారులు గట్టిగానే ఉన్నారు, ఒక రాత్రి వచ్చి ఖాళీ చేయమంటే సామానుతో రోడ్డు మీద ఉండాలి. అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంది, అందులో ఉండేవాళ్లలో మీ పేరు నమోదు చేస్తారా అని అడిగి చేరండి.

ఒకే గదిలో నలుగురు, ఆరుగురు ఉంటారు. ఒకరిది అయ్యప్ప మాల, ఒకరికి ఐదు పూటలా నమాజు, మనకేమో తెల్లవారుజామున పాటలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి బ్రదర్. మనం నాలుగింటికి స్పీకర్‌లో వర్తమానం పెడితే నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాడికి సువార్త మీద ఏం గౌరవం కలుగుతుంది? రంజాన్ నెలలో పగలు అందరి ముందూ తినడం, తాగడం మానేస్తే మీకు పోయేదేం లేదు. ఆ గదిలో జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చేది వీళ్లే.

హిందీ రాకపోతే నేర్చుకోవడం మొదటి నెలలోనే మొదలుపెట్టండి. తెలుగువాళ్ల మధ్యే తిరుగుతూ ఏళ్ల తరబడి గడిపేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఉద్యోగమూ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మా గోదావరి ప్రాంతానికి 1836లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ తెలుగు నేర్చుకుని నరసాపురం చుట్టుపక్కల బతుకంతా ఉండిపోయారు. తెలుగు అక్షరాలతో పోలిస్తే "భాయ్, యే కహా రఖ్నా హై" నేర్చుకోవడం ఎంత పని?

చర్చి

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది.

గ్రీన్ లైన్ మెట్రోలో ఔద్ మేథా స్టేషన్ దగ్గర దిగితే చర్చిలున్న ప్రాంతం వస్తుంది. కథోలికులకు సెయింట్ మేరీస్, అప్పటి పాలకుడు షేక్ రషీద్ ఇచ్చిన స్థలంలో 1967లో మొదలైంది. ఆ పక్కనే హోలీ ట్రినిటీ చర్చి ఆవరణ ఉంది. దాని హాళ్లలో రకరకాల భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి, తెలుగు సంఘాలూ వాటిలో ఉన్నాయి. అటు జెబెల్ అలీ వైపు ఉండేవాళ్లకు అక్కడ ఇంకో చర్చిల సముదాయం ఉంది. 2022 జనవరి నుంచి ప్రభుత్వ సెలవు శని, ఆదివారాలకు మారినా శుక్రవారం ఆరాధనలు ఆగలేదు, కాబట్టి మీ వారపు సెలవు ఏ రోజైతే ఆ రోజు ఆరాధన దొరుకుతుంది. "ఆదివారం డ్యూటీ, అందుకే చర్చికి వెళ్లట్లేదు" అని ఇంటికి ఫోన్‌లో చెప్పే సాకు దుబాయ్‌లో చెల్లదు.

మొదటి నెల రెండు మూడు సంఘాలు చూడండి, తర్వాత ఒకదాన్ని ఎంచుకుని అక్కడే ఉండండి. ఎక్కడ పాటలు బాగుంటే అక్కడికి, ఎక్కడ బిర్యానీ పెడితే అక్కడికి తిరిగేవాళ్లకు ఆసుపత్రిలో పడితే చూడ్డానికి వచ్చే సంఘం ఉండదు.

ఊళ్లో మీరు ఫలానా పాస్టర్ గారి అబ్బాయి, సండే స్కూల్ టీచరమ్మ కూతురు, కీబోర్డు వాయించే తమ్ముడు. ఇక్కడ వెనక బెంచీలో కూర్చున్న ఒక కొత్త మనిషి. ఎవరూ మైకు ఇవ్వరు, ఎవరూ పేరు పెట్టి పిలవరు, రెండు మూడు వారాలు "ప్రైజ్ ద లార్డ్" తప్ప ఇంకో మాట వినకపోవచ్చు. చాలామంది చర్చి మానేసేది సరిగ్గా ఇక్కడే, అడిగితే "అక్కడ ప్రేమ లేదు" అంటారు. నాకైతే కొత్తగా మొదలుపెట్టడం అనేది వీసా పడిన రోజు కాదు, ఈ వారాల్లోనే జరుగుతుంది అనిపిస్తుంది. నాన్న పేరు, ఊరి పేరు పక్కన లేకుండా మీ విశ్వాసం ఎంతుందో తెలిసేది అప్పుడే. కూడిక అయ్యాక కుర్చీలు మడత పెట్టడానికి ఆగండి. తర్వాతి సంఘం వంతు మొదలయ్యేలోపు హాలు ఖాళీ చేయాలి కాబట్టి అక్కడ చేతులు ఎప్పుడూ తక్కువే, అలా ఆగినవాళ్ల పేర్లు ముందు గుర్తుంటాయి.

ఇంకొక సంగతి, మనవాళ్లు పైకి అనరు. "ఏ ఊరు?" అని అడుగుతారు, చెప్తారు. వెంటనే "ఊళ్లో ఎక్కడ, ఏ పేట?" అంటారు. ఆ రెండో ప్రశ్న దేనికో అడిగినవాడికీ తెలుసు, మీకూ తెలుసు. సముద్రం దాటినా మనం దాన్ని బ్యాగులో పెట్టుకునే వస్తాం. దానికి జవాబు చెప్పాలనే రూలు లేదు, "మా ఊరు చిన్నదిలెండి" అని నవ్వి వదిలేయొచ్చు. మీరు మాత్రం కొత్తగా వచ్చినవాళ్లను ఆ ప్రశ్న అడగకండి. నెలకోసారైనా ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లమని నేను చెప్పేది కూడా ఇందుకే. పక్కన ఫిలిప్పీన్స్ అక్క, ముందు వరసలో నైజీరియా అన్న, వాళ్లకు మన పేటల గొడవ తెలియదు.

చట్టం గురించి స్పష్టంగా: చర్చి ఆవరణలో ఆరాధనకు స్వేచ్ఛ ఉంది. ముస్లింలకు మత ప్రచారం చేయడం, బయట కరపత్రాలు పంచడం నేరం. లైసెన్స్ లేకుండా చందాలు వసూలు చేయడం కూడా నేరమే, ఇది మనవాళ్లకు అస్సలు తెలియదు. ఊళ్లో మందిరం శ్లాబుకో, ఎవరి ఆపరేషన్‌కో అని వాట్సాప్ గ్రూపులో అకౌంటు నంబరు పెట్టి డబ్బు పోగేయడం ఊళ్లో పుణ్యకార్యం, అక్కడ కేసు. మీ జీతంలోంచి మీరు మీ ఇంటికి పంపుకోండి, అంతవరకే. గదిలో పదిహేనుమందిని కూర్చోబెట్టి కాటేజ్ ప్రేయర్ పెట్టే ముందు కూడా మీ సంఘ పెద్దల్ని అడగండి.

దశమభాగం గురించి గొడవలు ఎందుకుగానీ, నా అభిప్రాయం ఇది. అప్పు తీరేదాకా చిన్న మొత్తమైనా క్రమంగా ఇవ్వండి, ఎవరో వేదిక మీద గట్టిగా అడిగారని క్రెడిట్ కార్డు గీకి ఇవ్వకండి. కార్డు బకాయి, పర్సనల్ లోను ఎగ్గొడితే కోర్టు ప్రయాణ నిషేధం పెట్టగలదు, అప్పుడు అమ్మకు బాగోలేదని తెలిసినా విమానం ఎక్కలేరు.

బెంగ, క్రిస్మస్, తిరుగు ప్రయాణం

యిర్మీయా 29వ అధ్యాయంలోని 11వ వచనం మన గోడ క్యాలెండర్ల మీద చాలా చూసుంటారు. దానికి ముందున్న 5, 6, 7 వచనాలు చదవండి. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరమది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అంటాడు. "రెండేళ్లేగా" అని ప్లాస్టిక్ కంచంలో తింటూ, ఎవరితో స్నేహం చేయకుండా, రోజూ మూడు గంటలు ఇంటికి వీడియో కాల్‌లో ఉండేవాళ్లకు ఈ వచనాలు మందు. ఒక మంచి గిన్నె కొనుక్కోండి, ఒక మొక్క పెట్టుకోండి, క్రీక్ మీద అబ్రాలో (అక్కడి చిన్న పడవ) ఒక దిర్హాముకు అటూ ఇటూ తిరగండి. ఇంటికి ఫోను ఒక వేళ పెట్టుకుని చేయండి, మనకన్నా వాళ్లు గంటన్నర ముందుంటారు కాబట్టి మీ రాత్రి పదింటికి అమ్మకు పదకొండున్నర.

డిసెంబరు 25 యూఏఈలో ప్రభుత్వ సెలవు కాదు, గుడ్ ఫ్రైడే కూడా కాదు. ఊళ్లో డిసెంబరు మొదటి నుంచే ఇంటింటికీ స్టార్, రాత్రుళ్లు కేరల్స్‌తో పెరిగినవాళ్లకు ఆ రోజు డ్యూటీకి వెళ్లడం కష్టంగా ఉంటుంది, అందుకే నవంబరులోనే సెలవు అడిగి రాయించుకోండి. దొరక్కపోతే 24 రాత్రి ఆరాధనకు వెళ్లండి, మెట్రోలో జనం విపరీతంగా ఉంటారు, ముందే బయల్దేరండి.

జీతం ఆగినా, కంపెనీ వేధించినా ముందు భారత కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి, 800 46342, అక్కడి నుంచి ఉచితం. పాస్టర్ గారికి చెప్పండి, ప్రార్థించమనండి, కానీ ఫిర్యాదు మాత్రం మీరే పెట్టాలి.

కొందరికి అక్కడ కుదరదు, వచ్చేస్తారు. నయోమి కూడా కరువని మోయాబు వెళ్లి, అన్నీ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చింది, ఆమె కథ అక్కడితో ఆగలేదు. ఊళ్లో "ఏం, వచ్చేశావా?" అని అడిగేవాళ్లు రెండు వారాలు అడుగుతారు, తర్వాత ఇంకొకరి సంగతి దొరుకుతుంది. వచ్చేముందు లెక్క మాత్రం సరిగ్గా చూసుకోండి. ఏడాది పూర్తి చేసినవాళ్లకు గ్రాట్యుటీ (పని వదిలేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం) వస్తుంది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున. అందుకే మొదట్లోనే బేసిక్ ఎంతో చూడమన్నాను. వీసా రద్దు కాగితం మీద "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని ఉంటుంది, ఆ డబ్బు ఖాతాలో పడ్డాకే దాని మీద సంతకం పెట్టండి.